ఇంట్లో ఉన్న కంప్యూటర్ చాలదా?

2025 అక్టోబర్ 14వ తేదీన ప్రపంచవ్యాప్తంగా కోట్లాది కంప్యూటర్లు ఒక్కసారిగా ‘పాతవి’ అయిపోయాయి. వాటిలో ఒక్క మర ఊడలేదు, ఒక్క తీగ కాలలేదు. ముందురోజు ఎంత చురుకుగా పనిచేశాయో మరునాడూ అంతే చురుకుగా పనిచేశాయి. జరిగినదల్లా ఒక్కటే: వాటిని నడిపించే విండోస్ 10కు ఇస్తూ వచ్చిన ఉచిత భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ రోజుతో నిలిపివేసింది. 2021 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11, ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందరి ప్రాసెసర్లను కొద్ది మినహాయింపులతో తప్ప అంగీకరించదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా యంత్రంలో ఉండి తీరాలంటుంది.

ఈ తేదీ దెబ్బ మన ఇళ్ళలో ముఖ్యంగా ఒక వస్తువు మీద పడింది. అది మన పిల్లల గదిలో ఉన్న గేమింగ్ కంప్యూటర్. 2016, 2017 ప్రాంతాల్లో ఆరవ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డుతో కూర్చిన యంత్రాలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో నడుస్తున్నాయి. 2016 జులైలో మార్కెట్‌లోకి వచ్చిన ఆ కార్డు, ‘స్టీమ్’ అనే ఆటల వేదిక నెలనెలా జరిపే సర్వేలో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది. ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు తయారుచేయడాన్ని ఎన్విడియా కూడా అదే అక్టోబర్ నెలతో ముగించింది. భద్రతా సవరణలను మాత్రం 2028 అక్టోబర్ వరకు మూడు నెలలకొకసారి ఇస్తామన్నది. దీంతో “అబ్బా! ఇక ఇది పనికిరాదు, కొత్తది కొనాల్సిందే” అన్న మాట చాలా ఇళ్ళలో వినబడుతున్నది.

ఆ మాట విన్న తల్లిదండ్రులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు “ఆటలకు ఇంత డబ్బా?” అని కసరి పంపేస్తారు. మరికొందరు బిడ్డ ముఖం చిన్నబోతే చూడలేక అప్పు చేసి కొనిపెడతారు. ఈ రెండు దారుల్లోనూ అసలు విచారణ జరగదు. ఆ యంత్రం పాతదా అన్న ప్రశ్నతో మనకు పని లేదు. మన ఇంటికి కావలసిన ఏ పనిని అది చేయలేకపోతున్నది అన్నదే అడగవలసిన ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పట్టుకొని ముందుకు సాగుదాం.

అజ్బా వెనుకబడిన రోజు

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి అజ్బా అనే ఆడ ఒంటె ఉండేది. పరుగులో దాన్ని మించిన ఒంటె లేదని ప్రతీతి. ఒకనాడు ఒక పల్లెవాసి అరబ్బు తన లేత వయసు ఒంటెనెక్కి వచ్చి పందెంలో అజ్బాను దాటిపోయాడు. సహచరులకు అది ఎంతో కష్టం కలిగించింది. వారి ముఖాల్లోని బాధను గమనించిన దైవప్రవక్త (స), ప్రపంచంలో ఏది పైకి లేచినా దాన్ని ఒకనాటికి కిందికి దించడం అల్లాహ్ తన మీద విధించుకున్న నియమమని వారికి బోధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది.

దీన్ని మదర్సాలలో సాధారణంగా వినయాన్ని బోధించే సందర్భంలో చదువుతారు. దీనిలో మన చర్చకు పనికివచ్చే మరో సంగతి కూడా ఉన్నది. పందెంలో వెనుకబడింది కాబట్టి అజ్బాను మార్చి మరింత వేగమైన ఒంటెను తెచ్చుకుందామన్న ఆలోచన ఆ సంఘటనలో ఎక్కడా కనబడదు. ఒంటె నడక ప్రయాణానికి చాలినంత ఉన్నది. మరొకరి ఒంటె ఇంకా వేగంగా నడిచినంత మాత్రాన ఈ ఒంటె మోసే బరువు తగ్గలేదు, ఇది చేర్చే గమ్యం దూరం కాలేదు.

గ్రాఫిక్స్ కార్డుల లోకం అచ్చంగా ఇటువంటి పందెమే. రెండేళ్ళకొకసారి ఒక లేత ఒంటె వచ్చి నిన్నటి విజేతను దాటిపోతుంది. 1060ను 2060, దాన్ని 3060, దాన్ని 4060 దాటాయి. దాటబడని కార్డు ఇంతవరకు పుట్టలేదు, ఇక ముందు పుట్టబోదు కూడా. ఈ రోజు అప్పుచేసి కొన్న యంత్రం కూడా వాయిదాలు తీరేలోపే వెనుకబడుతుంది. కనుక ‘వెనుకబడకుండా ఉండడం’ అనేదాన్ని కొనుగోలుకు కారణంగా పెట్టుకుంటే ఆ ఖర్చుకు అంతమంటూ ఉండదు. అధికంగా పోగుచేయాలన్న పోటీ మనిషిని సమాధి దాకా ఏమరుపాటులో ముంచుతుందని దివ్య ఖుర్ఆన్ ‘తకాసుర్’ సూరాలో హెచ్చరించినది ఇటువంటి పరుగు గురించే.

అవసరం, సౌకర్యం, అలంకారం

క్రీ.శ. 1388లో (హిజ్రీ 790) గ్రనడాలో పరమపదించిన ఇమామ్ షాతిబీ (రహ్మ), మనిషి అవసరాలను మూడు మెట్లుగా విభజించి వివరించారు. మొదటివి లేనిదే జీవితం, ధర్మం నిలవనివి - వీటిని జరూరియాత్ అంటారు. రెండవవి లేకపోతే కష్టం, ఇరుకు కలిగించేవి - ఇవి హాజియాత్. మూడవవి జీవితానికి అందం, నాణ్యం తెచ్చేవి - ఇవి తహ్‌సీనియాత్. ఆయనకు మూడు శతాబ్దాల ముందే ఇమామ్ గజాలీ (రహ్మ) ఈ విభజనకు పునాది వేశారు. మొదటి మెట్టు కదిలేటట్లు మూడవ మెట్టును పెంచకూడదన్నది ఈ పండితుల బోధనల సారం.

దీన్ని కంప్యూటర్‌కు అన్వయించి చూద్దాం. ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి పాఠాలు, అబ్బాయి ప్రోగ్రామింగ్ సాధన, దుకాణం లెక్కలు, ప్రభుత్వ దరఖాస్తులు - ఇవి హాజత్ కిందికి వస్తాయి. ఇంజనీరింగ్ నమూనాలు గీయడమో, వీడియోలు కూర్చడమో ఒకరి జీవనోపాధి అయితే వారికి శక్తిమంతమైన యంత్రం నిజమైన అవసరమే. హద్దుల్లో ఉన్న వినోదానికి కూడా ఇస్లాంలో చోటున్నది. అయితే ఒక ఆటలో నీటి మీద వెలుగు మరింత సహజంగా ప్రతిఫలించడం, నీడల అంచులు మరింత మెత్తగా కనబడడం మూడవ మెట్టులోని విషయాలు. అవి నిషిద్ధం కావు. వాటి కోసం రెండవ మెట్టు మీద ఉన్న చెల్లి ఫీజును వాయిదా వేయడం, మొదటి మెట్టు మీద ఉన్న ధర్మాన్ని వడ్డీతో గాయపరచడం తగదు.

ఇక్కడ మరో వైపు కూడా చెప్పాలి. ఖర్చు విషయంలో దివ్య ఖుర్ఆన్ పిసినారితనాన్నీ, చేతికి ఎముక లేని దుబారానూ రెండింటినీ వారించింది. తన దాసునికి ప్రసాదించిన అనుగ్రహం అతనిపై కనబడడం అల్లాహ్‌కు ఇష్టమని హదీసు తెలుపుతున్నది. స్తోమత ఉండి, హలాల్ సొమ్ముతో, జకాత్ చెల్లించిన తరువాత ఒకరు కొత్త కంప్యూటర్ కొనుక్కుంటే వారిని తప్పుపట్టే అధికారం మనకు లేదు. మేము మాట్లాడుతున్నది స్తోమతకు మించి చేయి చాచే ఇళ్ళ గురించి, చక్కగా పనిచేస్తున్న వస్తువును కేవలం సిగ్గుపడి తీసివేసే మనసు గురించి.

ఉన్నదానికి సేవ

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగినప్పుడు, తన చెప్పులు తానే కుట్టుకునేవారనీ, బట్టలకు తానే అతుకు వేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వస్తువును బాగుచేసుకొని వాడుకోవడం పేదరికపు గుర్తు కాదనీ, అది సున్నత్ అనీ మన పిల్లలకు ఈ ఉల్లేఖనం ద్వారా చెప్పవచ్చు. పాత గేమింగ్ కంప్యూటర్‌కు వేయదగిన అతుకులు కొన్ని ఉన్నాయి.

మొదటిది దుమ్ము. మన వేసవిలో 40 డిగ్రీలు దాటే వేడికి, వీధి దుమ్ము తోడై క్యాబినెట్‌లోని ఫ్యాన్ల రెక్కలకు, లోహపు పలకలకు పొరలు పొరలుగా అంటుకుంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పిల్లవాడు మాత్రం “కంప్యూటర్ పాతదై నెమ్మదించింది” అనుకుంటాడు. ప్లగ్గు పూర్తిగా తీసి, మెత్తటి బ్రష్షుతో, గాలి ఊదే బ్లోయర్‌తో శుభ్రం చేస్తే కొన్ని యంత్రాలు ఆ రోజే తేరుకుంటాయి. ప్రాసెసర్‌కూ దాని మీది ఫ్యానుకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఏళ్ళు గడిచేసరికి ఎండిపోతుంది. తెలిసినవారి చేత దాన్ని మార్పించాలి. కరెంటు మార్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో ప్రాణాపాయం కలిగించే కరెంటు నిలిచి ఉంటుంది.

రెండవది హార్డ్ డిస్కు. పాత యంత్రాల్లో తిరిగే పళ్ళెంలాంటి డిస్కు ఉంటుంది. దాని స్థానంలో కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అమర్చితే కంప్యూటర్ తెరుచుకోవడం, ఆట మొదలవడం ఎన్నో రెట్లు త్వరగా జరుగుతుంది. ఆట నడిచేటప్పటి వేగం దీనితో అంతగా పెరగదన్న సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. పాత డిస్కులో నికాహ్ వీడియోలు, తాత ముత్తాతల ఫొటోలు ఉంటే అది చెడిపోకముందే మరోచోట భద్రపరచడం మరువరాదు.

మూడవది ర్యామ్. 8 జీబీ ఉన్నచోట అంతే పరిమాణం గల మరో ముక్క జతచేస్తే చాలా ఆటల్లో తడబాటు తగ్గుతుంది. ముందుగా మదర్‌బోర్డు ఏ రకం ర్యామ్ తీసుకుంటుందో చూసుకోవాలి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు చిప్పులను పెద్దఎత్తున కొనివేయడంతో 2025 చివరి నెలల నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కొత్త కంప్యూటర్ కొనేవారి మీద కూడా ఈ భారం పడుతున్నది. ఇంట్లో ఉన్న ర్యామ్ విలువ తెలుసుకోవడానికి ఇదీ ఒక సందర్భమే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల వాడిన విడిభాగాలు కూడా దొరుకుతాయి. వాటిని అక్కడే నడిపించి చూసి, వారం పది రోజుల హామీ అడిగి తీసుకోవడం మంచిది.

నాలుగవది ఖర్చులేనిది. ఆటలోని సెట్టింగ్స్‌లో నీడలు, ప్రతిబింబాలు, దూరపు దృశ్యాల నాణ్యతను ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే కార్డు మీది భారం ఎంతో తగ్గుతుంది. మరొక సంగతి: సాధారణ మానిటర్ సెకనుకు 60 చిత్రాలు మాత్రమే చూపగలదు. దానికి సెకనుకు 150 చిత్రాలు అందించే కార్డు తెచ్చి తగిలించినా తెర మీద కనబడేవి ఆ 60 మాత్రమే. నిండిన కుండలో ఇంకా నీళ్ళు పోయడం వంటిదే ఆ ఖర్చు.

ఇంత చేసినా కొన్ని ఆటలు ఈ యంత్రాల మీద నడవవు. ఉదాహరణకు 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ అనే ఆటకు వెలుగు కిరణాలను లెక్కకట్టే ప్రత్యేక శక్తి గల కార్డు తప్పనిసరి. 1060 కార్డులో ఆ శక్తి లేదు. మరోవైపు 2011లో పూర్తిస్థాయిలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్, 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 వంటి ఆటలను ఈనాటికీ ఎంతోమంది ఆడుతున్నారు. అవి ఇటువంటి యంత్రాల మీద చక్కగా నడుస్తాయి.

విండోస్ సంగతి ఏమిటి?

భద్రతా సవరణలు లేని కంప్యూటర్ మీద బ్యాంకు లావాదేవీలు జరపడం తలుపు గడియ వేయకుండా నిద్రపోవడమే. హాని కలగకుండా చూసుకోవడం ధర్మశాస్త్ర మూలసూత్రాలలో ఒకటి కాబట్టి ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోరాదు. దీనికి మూడు దారులున్నాయి. విండోస్ 10 వాడే గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలు పొడిగించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందులో పేరు నమోదు చేసుకోవడం మొదటి దారి. లినక్స్ మింట్, ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థలను ఎక్కించుకోవడం రెండవది. 2018లో స్టీమ్ వేదిక తెచ్చిన ‘ప్రోటాన్’ అనే ఏర్పాటుతో విండోస్ ఆటలు ఎన్నో లినక్స్ మీద కూడా నడుస్తున్నాయి. అయితే వాలొరాంట్ వంటి కొన్ని ఆన్‌లైన్ పోటీ ఆటలు లినక్స్ మీద నడవవు. ఇక మూడవ దారి, ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, ఇంతకుముందే ఎక్కించుకున్న ఆటలకు, రాతపనికి మాత్రమే వాడడం.

ఈ సందర్భంలో ఒక తప్పుదారి గురించి కూడా హెచ్చరించాలి. డబ్బు మిగుల్తుంది గదా అని తాళం పగలగొట్టిన విండోస్, దొంగ కాపీ ఆటలు ఎక్కించుకోవడం మన యువకుల్లో మామూలైపోయింది. రచయితల, ఆవిష్కర్తల హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ పొందినవేననీ, వాటిని అతిక్రమించరాదనీ 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. పాత యంత్రంతో సరిపెట్టుకొని ఇస్రాఫ్ నుండి తప్పించుకున్నవాడు, పరుల సొమ్ము అనే గోతిలో పడకూడదు. పైగా అటువంటి దొంగ కాపీల వెంటే వైరస్‌లు ఇంట్లోకి వస్తాయి.

వాయిదా కాగితం

ఈమధ్య చిన్న పట్టణంలో దర్జీ దుకాణం నడుపుకునే ఒక సోదరుడు ఒక కాగితం పట్టుకొని మా వద్దకు వచ్చారు. డిగ్రీ రెండవ సంవత్సరం చదివే కుమారునికి కొత్త గేమింగ్ కంప్యూటర్ కొనాలి, 18 నెలల వాయిదాలు. “మౌలానా! ఇందులో వడ్డీ లేదంటున్నారు. తీసుకోవచ్చా?” అని అడిగారు.

ఇటువంటి ప్రశ్నకు జవాబు ప్రకటనలోని పేరును బట్టి చెప్పలేము, ఒప్పందాన్ని బట్టి చెప్పాలి. దుకాణదారుడే వస్తువును ఒక నిర్ణీత ధరకు అమ్మి, ఆ ధరను వాయిదాలలో తీసుకుంటే, ఆలస్యమైనా దాన్ని పెంచకుంటే అది ధర్మసమ్మతమైన అరువు బేరం. నగదు ధర కన్నా అరువు ధర ఎక్కువగా ఉన్నా, బేరం ముగిసేనాటికి ఒకే ధర తేలి ఉంటే అధిక సంఖ్యాక ఫఖీహ్‌లు దాన్ని అనుమతించారు. బ్యాంకు అప్పు ఇచ్చి, దాని మీద వడ్డీ లెక్కగట్టి, ఆ వడ్డీకి సమానమైన తగ్గింపును దుకాణం చూపితే మాత్రం ఆ ఒప్పందం వడ్డీ ఒప్పందమే. రుణపత్రంలో వడ్డీ శాతం అనే గడి, దాని మీద జీఎస్టీ అనే గడి ఉన్నాయేమో చూడాలి. ‘సున్నా శాతం’ పథకాలలో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో మరుగుపరచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు సైతం 2013 సెప్టెంబర్‌లో జారీచేసిన సర్క్యులర్‌లో ఆక్షేపించింది. ఆ సోదరుడు తెచ్చిన కాగితంలో ఆ రెండు గడులూ ఉన్నాయి. ఆలస్యమైతే అదనపు వడ్డీ అన్న షరతు కూడా ఉన్నది.

ఆయన కాసేపు మౌనంగా కూర్చొని, “వద్దంటే వాడు నాతో మాట్లాడడు” అన్నారు. వడ్డీ కన్నా ఆ మాటే మాకు బరువుగా తోచింది. కుమారుణ్ణి వెంటబెట్టుకు రమ్మన్నాము. అతను మర్యాదస్తుడైన కుర్రవాడు. కసరకుండా, ఇప్పుడున్న కంప్యూటర్‌తో ఏ పని ఆగిపోయిందో చెప్పమని అడిగాము. కాలేజీ పనులేవీ ఆగలేదన్నాడు. స్నేహితులు నలుగురూ రాత్రిళ్ళు కలిసి ఆడే కొత్త ఆట ఒకటి తన యంత్రం మీద తెరుచుకోవడం లేదనీ, వాళ్ళ మాటల్లో తనకు చోటు లేకుండా పోయిందనీ చెప్పాడు. ఆ బాధ నిజమైనదే. ఆ వయసులో స్నేహితుల మధ్య ఒంటరి కావడం చిన్న విషయమేమీ కాదు. తండ్రి కూడా ఆ సంగతిని మొదటిసారి విన్నట్లున్నారు.

చివరకు తండ్రీకొడుకులిద్దరూ కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చారు. పాత యంత్రాన్ని శుభ్రం చేయించి ఎస్‌ఎస్‌డీ వేయించారు. వాయిదాగా కట్టవలసిన సొమ్ములో సగాన్ని తండ్రి నెలనెలా పక్కన పెడతారు. సెలవుల్లో దుకాణం లెక్కలు చూసినందుకు కుమారునికి ఇచ్చే కూలి కూడా అందులోనే కలుస్తుంది. చదువు ముగిసేనాటికి పనికోసం శక్తిమంతమైన యంత్రం కావలసివస్తే ఆ డబ్బుతో రొక్కం చెల్లించి కొంటారు. ఆ స్నేహితులు ఆడే ఆట మాత్రం ఆ అబ్బాయికి దక్కలేదు. దానిని మేము దాచిపెట్టబోము. ఖనాఅత్ అంటే ఏ లోటూ లేకపోవడం కాదు. ఏ లోటును భరించవచ్చో, ఏది భరించరానిదో తెలిసి ఎంచుకోవడమే ఖనాఅత్. స్నేహితులతో ఒక ఆట పోవడం భరించదగిన లోటు. వడ్డీ పత్రం మీద తండ్రి వేలిముద్ర భరించదగినది కాదు.

కొన్నదానికీ, ఆడేదానికీ లెక్క ఉన్నది

పాత యంత్రాన్ని అట్టిపెట్టుకున్నంత మాత్రాన బాధ్యత తీరిపోదు. మనిషి తన ఆయుష్షును దేనిలో గడిపాడు, ధనాన్ని ఎలా సంపాదించి ఎక్కడ ఖర్చుచేశాడు అన్న లెక్క ప్రళయదినాన అతను చెప్పవలసి ఉన్నదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని కూడా ఆయన సెలవిచ్చారు. పదేళ్ళ నాటి కంప్యూటర్ మీదనైనా ఇషా తరువాత మొదలైన ఆట ఫజ్ర్‌ను మింగేస్తే, ధనంలో దుబారా తప్పినా కాలంలో దుబారా మిగిలే ఉంటుంది. అశ్లీలం, షిర్క్‌ను మెచ్చుకునే దృశ్యాలు ఉన్న ఆటలు ఏ యంత్రం మీదనైనా తగవు.

‘ఉచితం’ అనే పేరుతో పాత యంత్రాల మీద కూడా తేలిగ్గా నడిచే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో డబ్బు చెల్లించి మూసిన పెట్టె తెరిస్తే ఏ వస్తువు వస్తుందో తెలియదు. ఇందులో జూదపు ఛాయలున్నాయని పలువురు పండితులు వారిస్తున్నారు. కంప్యూటర్ మీద మిగిల్చిన సొమ్ము చుక్కచుక్కగా ఆ పెట్టెల్లోకి కారిపోకుండా తల్లిదండ్రులు కన్నేసి ఉంచాలి.

తీసివేసినది ఎక్కడికి పోతుంది?

మన ఇంటి గడప దాటిన వస్తువు మన బాధ్యత నుండి కూడా దాటిపోయిందనుకుంటాము. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధిచేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. మిగిలినదానిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ రాగి కోసం తీగలను కాలుస్తారు, బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచుతారు. సీసం వంటి విషపదార్థాలు గాలిలో, నీటిలో కలుస్తాయి. ఆ పొగను పీల్చే శ్రామికులలో మన ముస్లిం కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. మన పిల్లవాడి యంత్రం మరో మూడేళ్ళు పనిచేస్తే, అంతకాలం ఆ పొగలో దాని వంతు ఉండదు.

అయినా ఒకనాటికి మార్చవలసి వస్తుంది. చదువుకో, ఉపాధికో నిజంగా చాలనప్పుడు, లేదా మరమ్మతు ఖర్చు యంత్రం విలువకు దగ్గరైనప్పుడు మార్చడమే సరైనది. అప్పుడు పాతదాన్ని అమ్మదలచినవారు దాని లోపాన్ని ముందే చెప్పి అమ్మాలి. పైన పొడి ధాన్యం, అడుగున తడిసిన ధాన్యం ఉంచి అమ్మిన వ్యాపారిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. వేడెక్కి ఆగిపోయే కార్డును ఐదు నిమిషాలు నడిపి చూపించి అంటగట్టడం ఆ తడి ధాన్యపు వ్యాపారమే.

దానం చేయదలచినవారికి మా మనవి ఒకటున్నది. తామే కళ్ళు మూసుకొని తప్ప స్వీకరించలేని నాసిరకాన్ని అల్లాహ్ మార్గంలో ఇవ్వవద్దని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో వారించింది. మదర్సాలకు ‘సదఖా’ పేరుతో వచ్చే కంప్యూటర్లలో తెరుచుకోనివి, తెరుచుకున్నా తెర వెలగనివి తరచుగా ఉంటాయి. వాటిని పారవేసే ఖర్చు కూడా మదర్సా మీదే పడుతుంది. నడిచే యంత్రాన్ని శుభ్రం చేసి, సొంత ఫొటోలు, పాస్‌వర్డులు తుడిచివేసి, కీబోర్డు, మౌసుతో సహా ఇస్తే ఒక పేద విద్యార్థి దాని మీద టైపింగ్ నేర్చుకుంటాడు, తఫ్సీర్ గ్రంథాలు చదువుకుంటాడు. నడవనిదాన్ని అనుమతి పొందిన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం అటువంటి వ్యర్థాల పునర్వినియోగ బాధ్యత ఉత్పత్తిదారుల మీద కూడా ఉన్నది.

తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి ఇది. ఈసారి మీ అబ్బాయి కొత్త కంప్యూటర్ అడిగినప్పుడు వెంటనే అవుననకండి, వెంటనే కాదనకండి. అతని పక్కన కూర్చొని ఒక కాగితం మీద మూడు వరుసలు రాయించండి: ఈ యంత్రం ఏ పనులు చేస్తున్నది, ఏ పనులు చేయలేకపోతున్నది, చేయలేనివాటిలో ఏవి మన ఇంటికి అవసరం. తరువాత క్యాబినెట్ మూత తీసి దుమ్ము తుడవండి. ఆ పని చేస్తుండగా అతను చెప్పే మాటలు వినండి. ఫోను విషయంలో, బండి విషయంలో, పెళ్ళి ఖర్చుల విషయంలో మనం పెద్దలం అదే కాగితాన్ని రాసుకుంటున్నామా అని కూడా ఆలోచించండి. ఏటా ఫోను మార్చే తండ్రి నోటి నుండి వచ్చే ఖనాఅత్ బోధ బిడ్డ చెవికెక్కదు.

మనకు ప్రసాదించిన ప్రతి వస్తువునూ అమానతుగా భావించి వాడుకునే వివేకాన్ని, వడ్డీ నుండీ దుబారా నుండీ దూరంగా నిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.